ఇంట్లో ఇగ్వానా ఉంటే ఇక కేసేనా? అనంతపురం, కర్నూలు, కడప వైపు ఎవరికైనా సరిగ్గా తెలుసా

క్లాక్‌టవర్_అనంత
మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. విదేశీ బల్లులు, పాములు, తాబేళ్ళు ఇంట్లో ఉంచుకుంటే ఏడేళ్ళ జైలు, వారం లోపల ఫారెస్టు వాళ్ళకు అప్పగించాలి అని. కింద సంతకం లేదు, తేదీ లేదు, ఏ ఆఫీసు నుంచి వచ్చిందో లేదు. మా ఇంట్లో ఒక ఇగ్వానా, అంటే పెద్ద విదేశీ బల్లి, ఉంది. కరోనా తర్వాత పిల్లవాడు గొడవ చేస్తే బెంగళూరులో కొన్నాం. షాపువాడు బిల్లు ఇవ్వలేదు, "ఇది ఫారిన్ ఐటమ్ సార్, మన చట్టం దీనికి రాదు" అన్నాడు. అప్పుడు అరచేతిలో పట్టేది, ఇప్పుడు తోకతో కలిపి పిల్లవాడి నడుము దాకా ఉంది. ఆకులు తింటుంది, ఎవరి జోలికీ పోదు. పై ఫ్లోరు ఆయనకు మాత్రం దాన్ని చూస్తే వణుకు, మెసేజ్ పెట్టింది కూడా ఆయనే. మా ఆవిడకు రాత్రి నిద్ర లేదు, ఒకటే టెన్షన్. అమ్మేవాడు రోడ్డు మీద బోర్డు పెట్టుకుని అమ్ముతుంటే ఎవరూ అడగరు, కొన్నవాడి ఇంటికి మాత్రం వస్తారా? కొత్త చట్టం నిజంగానే వస్తోందా, లేక ఇది ఉత్త పుకారా?

ఉగ్గాని_బజ్జీ
డబ్బులిచ్చి ముదురు తొండను కొన్నారా సార్. మా చేను కాడికి వస్తే ఎన్ని కావాలంటే అన్ని ఫ్రీ.

రాగిసంగటి_రాయల్
తొండ ముదిరితే ఊసరవెల్లి అన్నారు పెద్దోళ్ళు. ఊసరవెల్లి కూడా ముదిరితే ఇగ్వానా అని ఇప్పుడు తెలిసింది.

కొండారెడ్డి_బురుజు
ఏడేళ్ళంటే మర్డర్ కేసులో కూడా బెయిల్ మీద తిరుగుతున్నారబ్బా. పుకారే, పట్టించుకోవద్దు.

నల్లకోటు_కడప
పట్టించుకోవద్దు అనకండి బురుజు అన్నా, అలా అన్నవాళ్ళే తర్వాత మా లాయర్ల దగ్గరికి వస్తారు. ఆ మెసేజ్‌లో సగం అబద్ధం, సగం వేరే కేసుకు సంబంధించినది. కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

షాపువాడు చెప్పింది ఒకప్పుడు పూర్తి అబద్ధం కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రధానంగా మన దేశపు జంతువుల కోసం రాసింది. మన కొండచిలువ, మన ఉడుము అందులో ఉన్నాయి, ఇగ్వానా లేదు. దేశంలోకి తెచ్చేటప్పుడు కస్టమ్స్ వాళ్ళు పట్టుకోవాలి, ఒకసారి ఎయిర్‌పోర్టు గేటు దాటిందంటే ఇక అడిగే నాథుడు లేడు. ఈ సందులోనే వ్యాపారం అంతా పెరిగింది. 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక అవకాశం ఇచ్చింది, మీ దగ్గర ఏ విదేశీ జంతువులు ఉన్నాయో ఆరు నెలల్లో మీరే చెప్పండి, పాత కాగితాలు అడగం అని. మన సీమలో ఎంతమంది దాని గురించి విన్నారో మీరే ఆలోచించుకోండి.

తర్వాత 2022లో చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు షెడ్యూళ్ళు, అంటే చట్టంలోని జంతువుల పట్టికలు, నాలుగయ్యాయి. నాలుగోదే మన గొడవ. సైటీస్ అని అంతరించిపోతున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారం మీద ఒక ఒప్పందం ఉంది, 1976 నుంచి మనం అందులో సభ్యులం. ఆ ఒప్పందం పట్టికల్లో ఉన్న జాతుల్ని తెచ్చి ఈ షెడ్యూల్ 4లో పెట్టారు. ఆకుపచ్చ ఇగ్వానా ఉంది, బాల్ పైథాన్ అనే ఆఫ్రికా కొండచిలువ ఉంది, మకావ్ చిలుకలు ఉన్నాయి. ఇవి ఎవరి దగ్గరున్నా సెక్షన్ 49ఎం కింద నమోదు చేయించాలి. దానికి 2024 ఫిబ్రవరి 28న రూల్స్ వచ్చాయి. కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ 2.0 పోర్టల్‌లో దరఖాస్తు, వెయ్యి రూపాయల ఫీజు, అప్పటికే పెంచుతున్నవాళ్ళకు ఆరు నెలల గడువు. అది 2024 ఆగస్టు 28తో అయిపోయింది. ఆ తర్వాత చేతికి వచ్చినదైతే 30 రోజుల్లో చెప్పాలి. పిల్లలు పెట్టినా, ఎవరికైనా ఇచ్చినా, చచ్చిపోయినా చెప్పాలి.

ఇక ఆ "ఏడేళ్ళు" ప్రధానంగా షెడ్యూల్ 1 జంతువులది, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్నవాటిది. అక్కడ మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా జైలు, జరిమానా 25 వేలకు తగ్గదు. మామూలు ఉల్లంఘనకు మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అదీ చిన్నదేమీ కాదు. "వారంలో అప్పగించాలి" అన్నది మాత్రం ఏ రూల్‌లోనూ లేదు.

క్లాక్‌టవర్_అనంత
అంటే గడువు అయిపోయిందన్నమాట. పోర్టల్ పేరు కూడా ఇప్పుడే వింటున్నా. పేపర్లో వేశారా ఇది? నేను రోజూ పేపర్ చదివేవాణ్ణే.

గుంతకల్_జంక్షన్
గెజిట్‌లో వేశారు సార్. గెజిట్ చదివే ఇగ్వానా ఓనర్ ఇండియాలో ఎవడుంటాడు.

తుంగభద్ర_తీరం
నేనున్నా 🙂 కర్నూల్లో నా దగ్గర బాల్ పైథాన్ ఉంది, గడువులోపలే రిజిస్టర్ చేయించా. చెప్పుకున్నంత సుఖంగా జరగలేదు లెండి. ముందు ఆఫీసుకు పోయి అడిగితే అక్కడి ఆయన "పామా? ఎక్కడ? ఇంట్లో దూరిందా?" అని రెస్క్యూ టీమ్‌కు ఫోన్ చేయబోయాడు. కాదు సార్, నాదే, పెంచుకుంటున్నా అంటే నన్ను కింద నుంచి పైదాకా చూసి, పక్క సీటు ఆయన్ని పిలిచి ఆయన చేత కూడా చూపించాడు. చివరికి ఆన్‌లైన్‌లో నేనే చేసుకున్నా. జాతి పేరు శాస్త్రీయంగా రాయాలి, ఎన్ని ఉన్నాయి, ఆడా మగా, ఎక్కడి నుంచి వచ్చింది, ఫోటోలు.

ఒక మాట మాత్రం చెప్పదలచుకున్నా. మాబోటి వాళ్ళు రాసి ఇచ్చాం, ఇప్పుడు మా అడ్రసులు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. రేపు నిషేధం అంటే మొదట తలుపు కొట్టేది మాదే. రాయనివాడు హాయిగా ఉంటాడు. దీనికి ఏమంటారు నల్లకోటు గారూ?

నల్లకోటు_కడప
రాసినవాడికి రక్షణ ఉండాలి, అందులో రెండో మాట లేదు. కానీ నిషేధానికి దారి ఇప్పటికే ఉందన్నది కూడా తెలుసుకోండి. అదే 2022 సవరణలో 62ఎ అని ఒక సెక్షన్ పెట్టారు. మన దేశానికి చెందని జాతి ఇక్కడి వన్యప్రాణులకు గానీ వాటి ఆవాసానికి గానీ ముప్పు తెచ్చేలా ఉంటే దాని దిగుమతి, వ్యాపారం, ఇంట్లో ఉంచుకోవడం, సంతతి పెంచడం అన్నీ కేంద్రం నియంత్రించవచ్చు, నిషేధించవచ్చు. కొత్త చట్టం అక్కర్లేదు. ఒక్క నోటిఫికేషన్ చాలు.

నల్లమల_నీడ
ఆ నోటిఫికేషన్ ఎప్పుడొస్తే అప్పుడు మా ఆత్మకూరులో టపాకాయలు కాలుస్తా. నేను పాములు పట్టి అడవిలో వదిలే పని చేస్తా, జీతం లేదు, పెట్రోలు కూడా నాదే. ఒకసారి కర్నూలు నుంచి ఫోన్, ఖాళీ ప్లాటులో రక్తపింజర ఉంది, రండి అని. పోయి చూస్తే జనం కర్రలు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు, మధ్యలో ఒక బాల్ పైథాన్ తల లోపలికి దాచుకుని ఉండ చుట్టుకుని కూర్చుంది. భయమేస్తే అది చేసే పని అంతే. గోధుమ రంగు మచ్చలు చూసి రక్తపింజర అనుకున్నారు, ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే కొట్టి చంపేవాళ్ళు. ఎవరో పెంచి, విసుగొచ్చి వదిలేశారు.

సరే పట్టుకున్నా. ఇప్పుడేం చేయాలి? మన పామైతే దొరికిన చోటుకు దగ్గర్లో అడవిలో వదిలేస్తాం. ఇది ఆఫ్రికా పాము, నల్లమలలో వదలకూడదు. జూకు ఫోన్ చేస్తే మా దగ్గర చోటు లేదన్నారు. చివరికి ఫారెస్టు వాళ్ళకు అప్పగించా, వాళ్ళూ తల పట్టుకున్నారు. పెంచేవాళ్ళ హక్కుల గురించి మాట్లాడేటప్పుడు ఈ చివరి సీను కూడా చూడండి.

తుంగభద్ర_తీరం
@నల్లమల_నీడ అది నాది కాదన్నా, ముందే చెప్తున్నా. నాది పుట్టినప్పటి నుంచి డబ్బా దాటలేదు.

కొండారెడ్డి_బురుజు
ఎవరూ అడగకముందే నాది కాదంటున్నాడు చూడండి.

తుంగభద్ర_తీరం
ఫోటో పోర్టల్‌లో ఉంది, వెళ్ళి మచ్చలు పోల్చుకో బురుజూ. సీరియస్‌గా చెప్పాలంటే, వదిలేసినవాడు తప్పు చేశాడు కాబట్టి పెంచే అందరికీ నిషేధం అనడం నాకు ఎక్కదు. కుక్కల్ని ఎంతమంది రోడ్డు మీద వదిలేయడం లేదు? నార్వేలో 1977లో సరీసృపాల పెంపకాన్ని మొత్తం నిషేధించారు. జనం దొంగచాటుగా పెంచడం ఆపలేదు, రోగమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి భయపడ్డారు. చివరికి 2017లో ప్రభుత్వమే దిగివచ్చి 19 జాతులకు అనుమతి ఇచ్చింది. ఇవి పెంచుకోవచ్చు, మిగతావి కూడదు అని పట్టిక ఇచ్చేస్తే ఎవరికీ గొడవ లేదు. మన దగ్గర పట్టిక బదులు వాట్సాప్ మెసేజ్ వస్తుంది.

నల్లమల_నీడ
నార్వేలో చలికి బయట పడ్డ పాము బతకదు, వాళ్ళకేం భయం. ఫ్లోరిడా చూడు. పెంచుకునేవాళ్ళు వదిలిన బర్మా కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో నిండిపోయాయి. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో అక్కడ అడవి జంతువులైన రకూన్‌లు కనపడటం 99 శాతం పడిపోయింది. అదే ఏడాది అమెరికా ఆ పాముతో కలిపి నాలుగు జాతుల దిగుమతి ఆపింది, అప్పటికే చేతులు కాలిపోయాయి. ఇంకో సంగతి, ఆ కొండచిలువలతో పాటు వచ్చిన ఊపిరితిత్తుల పరాన్నజీవి అక్కడి స్థానిక పాములకు అంటుకుంది. మన జెర్రిపోతులకు అలాంటిది అంటుకుంటే చేలల్లో ఎలుకల్ని ఎవరు తింటారు?

ఉగ్గాని_బజ్జీ
ఫ్లోరిడాలో చలికాలం ఇగ్వానాలు కొయ్యబారి చెట్ల మీద నుంచి కింద పడతాయంట, జాగ్రత్త అని వాతావరణ శాఖ వాళ్ళు చెప్తారంట. మన అనంతపురంలో మే నెలలో మనుషులే పడిపోతున్నారు.

పెన్నమ్మ_ఒడ్డు
నేను ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీలో చదువుతున్నా. చట్టం సంగతి పెద్దవాళ్ళు చూసుకుంటారు, నేను @క్లాక్‌టవర్_అనంత గారిని ఒకటి అడుగుతా. మీ ఇగ్వానాకు యూవీబీ లైటు, అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే లైటు, పెట్టారా? కిటికీ పక్కన ఎండలో పెడుతున్నాం అంటారు చాలామంది, గాజు యూవీబీని ఆపేస్తుంది, ఆ ఎండ దానికి వెచ్చదనానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఆ కిరణాలు లేకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారవదు, డి3 లేకపోతే కాల్షియం ఎక్కదు, ఎముకలు మెత్తబడతాయి. కింది దవడ రబ్బరులా ఊగుతుంటే, వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తుంటే అదే రోగం. రోజూ పాలకూర పెడుతుంటే ఆపేయండి, దాంట్లోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. మునగాకు, గుమ్మడికాయ, బెండకాయ మంచివి. గుడ్డు, మాంసం అసలు వద్దు.

క్లాక్‌టవర్_అనంత
లైటు ఉందమ్మా, పిల్లవాడు యూట్యూబ్ చూసి పెట్టించాడు. సాయంత్రం పూట మేడ మీద కూడా తిప్పుతాడు, అక్కడే పై ఫ్లోరు ఆయనకు కనపడింది. పాలకూర మాత్రం రోజూ పెడుతున్నాం, అది ఈరోజు నుంచి బంద్. మునగ చెట్టు పక్కింట్లో ఉంది, అడుగుతా. దవడ గట్టిగానే ఉంది.

పెన్నమ్మ_ఒడ్డు
గట్టిగా ఉంటే మంచిదే. పట్టుకున్న తర్వాత పిల్లవాణ్ణి సబ్బుతో చేతులు కడుక్కోమనండి. సరీసృపాల పేగుల్లో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటుంది, వాటికేం కాదు, మనకు విరేచనాలు, జ్వరం. ఇంట్లో ఐదేళ్ళ లోపు పిల్లలు ఉంటే మరీ జాగ్రత్త. అమెరికాలో ఈ కారణానికే 1975లో నాలుగు అంగుళాల కంటే చిన్న తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించారు, చిన్నపిల్లలు వాటిని నోట్లో పెట్టుకుంటున్నారని.

మన జిల్లాల్లో వీటిని చూసే డాక్టర్లు ఎక్కడున్నారు చెప్పండి? మాకు క్లాసులో ఆవు, గేదె, గొర్రె, మేక, కోడి, కుక్క. ఇగ్వానాకు ఒంట్లో బాగోలేకపోతే బెంగళూరో హైదరాబాదో పోవాలి. అంత ఖర్చు పెట్టలేనివాళ్ళు కొనకుండా ఉంటే చాలు, సగం సమస్య తీరిపోతుంది.

కేసీ_కాలువ
తాబేళ్ళ మాట వచ్చింది కాబట్టి. ఎర్ర చెవుల తాబేలు, అక్వేరియం షాపుల్లో రూపాయి బిళ్ళంత సైజులో అమ్ముతారు చూడండి, ఇంట్లో అదృష్టం అని కొనుక్కుపోతారు. నాకు తెలిసి అసలు ప్రమాదం అదే, ఇగ్వానా కాదు. అది భోజనం ప్లేటంత అవుతుంది, ఇరవై ముప్ఫై ఏళ్ళు బతుకుతుంది, అక్వేరియం కంపు కొడుతుంది, అప్పుడు మన భక్తులు ఏం చేస్తారు? చెరువులో వదిలేస్తారు, పుణ్యం అనుకుంటూ. మన చెరువు తాబేళ్ళ తిండి, ఎండ కాచుకునే రాళ్ళు, అన్నీ అది ఆక్రమిస్తుంది. ప్రపంచంలో అతి చెడ్డ 100 ఆక్రమణ జాతుల పట్టికలో దాని పేరుంది. యూరప్ వాళ్ళు 1997లోనే దిగుమతి ఆపేశారు. కేరళలో పీచీ అటవీ పరిశోధన సంస్థ వాళ్ళు జనం దగ్గర నుంచి వీటిని తీసుకుని ఉంచే ఏర్పాటు చేశారు. ఇక మన షెడ్యూల్ 4లో దాని పేరే లేదు, అంటే రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు! ఇగ్వానా పెంచే ఆయన టెన్షన్ పడుతున్నాడు, తాబేలు అమ్మేవాడు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

నల్లకోటు_కడప
@కేసీ_కాలువ కరెక్ట్ పాయింట్. షెడ్యూల్ 4 అంతర్జాతీయ వ్యాపారం వల్ల అంతరించే జాతుల కోసం. ఎర్ర చెవుల తాబేలు అంతరించేది కాదు, అంతరింపజేసేది. దానికి 62ఎ నే వాడాలి. ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం వల్లే సగం గందరగోళం.

రాగిసంగటి_రాయల్
మా జేజి తాబేలు దూరిన ఇల్లు బాగుపడదు అనేది. ఇప్పుడు వాస్తు పేరుతో అదే తాబేలును కొనుక్కొచ్చి ఈశాన్యంలో పెడుతున్నారు. మా జేజికి ఎక్కడో ఈ సాల్మొనెల్లా సంగతి తెలిసే ఉంటుంది.

బుడ్డల_చేను
అందరూ బయట నుంచి వచ్చేవాటి గురించి మాట్లాడుతున్నారు, ఇక్కడి నుంచి పోయేవాటి గురించి ఒక్కరూ అనలేదు. మాది కళ్యాణదుర్గం వైపు. తొలకరి పడినాక బుడ్డల (వేరుశనగ) చేలల్లో నక్షత్ర తాబేళ్ళు తిరుగుతాయి, చిన్నప్పుడు మేం వాటిని ఎత్తి గట్టు మీద పెట్టి గుంటక తోలేవాళ్ళం. ఇప్పుడు తెలియని మనుషులు మోటార్‌ సైకిళ్ళ మీద వచ్చి, మేకలు కాసే పిల్లలకు తాబేలుకు ఇంత అని చేతిలో పెట్టి గోతాల్లో ఎత్తుకుపోతున్నారు. ఆ పిల్లవాడికి దక్కేది టీ ఖర్చు, బ్యాంకాక్‌లో దాని ధర వేలు. 2015లో వచ్చిన ఒక పరిశోధన చదివా, మన దేశంలోని ఒక్క వ్యాపార కేంద్రం చుట్టుపక్కల నుంచే ఏడాదిలో కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్ళను పట్టుకుపోయారంట. 2019లో సైటీస్ వాళ్ళు దాన్ని ఒకటో పట్టికలోకి మార్చారు, అంటే అడవిలో పట్టినదాన్ని దేశాల మధ్య అమ్మడం పూర్తిగా బంద్. ఇక్కడ ఇప్పుడు షెడ్యూల్ 1. కాగితం మీద అన్నీ గట్టిగానే ఉన్నాయి.

ఇక దారి చూడండి. మన తాబేళ్ళు సూట్‌కేసుల్లో ఏ బ్యాంకాక్‌కు పోతున్నాయో, ఇగ్వానాలు, పైథాన్లు సూట్‌కేసుల్లో అదే బ్యాంకాక్ నుంచి చెన్నై ఎయిర్‌పోర్టులో దిగుతున్నాయి. పోయే ముఠాలు, వచ్చే ముఠాలు వేరువేరని నేను నమ్మను. బెంగళూరులో బిల్లు లేకుండా కొన్న ప్రతి ఇగ్వానా వెనక మా చేలో తాబేలు ఉందనుకోండి. ఇది మీకు కోపం తెప్పిస్తే తెప్పించనీ.

క్లాక్‌టవర్_అనంత
కోపం ఏం లేదన్నా. కానీ నేను తాబేలు అమ్మలేదు కదా, ఒక షాపులో అద్దాల డబ్బాలో ఉన్నదాన్ని కొన్నా.

బుడ్డల_చేను
అమ్మేవాడికి డబ్బు ఎవరిస్తే వచ్చింది మరి?

తుంగభద్ర_తీరం
ఇది అన్యాయం @బుడ్డల_చేను. బాల్ పైథాన్లు, ఇగ్వానాలు ఇప్పుడు ఎక్కువగా పెంపకంలో పుట్టినవే, మన దేశంలో కూడా పిల్లలు పెట్టిస్తున్నారు. దానికి 2023లో బ్రీడర్ లైసెన్సు రూల్స్ కూడా వచ్చాయి. అడవిలో నుంచి పట్టిన నక్షత్ర తాబేలును, డబ్బాలో పుట్టిన పామును ఒకే గోతంలో వేస్తే ఎలా?

బుడ్డల_చేను
డబ్బాలో పుట్టిందని ఎవరు చెప్పారు? షాపువాడు. వాడే కదా మన చట్టం దీనికి రాదు అని కూడా చెప్పింది.

గుంతకల్_జంక్షన్
బుడ్డల అన్న సిక్స్ కొట్టాడు.

నల్లమల_నీడ
బుడ్డల అన్న చెప్పినదానికి తోడు ఇంకొకటి. రెండు తలల పాము. పాపం దానికి రెండు తలలూ లేవు, తోక మొద్దుగా ఉంటుంది, అంతే. ఇన్ని కిలోలు తూగితే ఇన్ని కోట్లు అని పుకారు, దాన్ని నమ్మి పొలాలు అమ్ముకున్నవాళ్ళు ఉన్నారు. బియ్యాన్ని లాగే మహిమ ఉందని చెంబులు అంటగట్టే రైస్ పుల్లింగ్ మోసగాళ్ళ బ్యాచే ఇదీ నడిపేది, ఒకే ఏజెంటు రెండింటికీ అడ్వాన్సు తీసుకుంటాడు. బరువు పెరగాలని పాముకు ఇనుప గుండ్లు మింగిస్తారని కూడా విన్నా. మన దగ్గర సరీసృపాల చట్టం అంటే జనానికి గుర్తొచ్చేది ఈ కేసులే, అందుకే ఇగ్వానా ఉన్న మనిషిని కూడా ఆ కళ్ళతోనే చూస్తారు.

కొండారెడ్డి_బురుజు
మరి చిలక? మా వీధిలో ఇంటింటికీ పంజరంలో రామచిలక ఉంది. చిలక జోస్యం ఆయన బస్టాండు దగ్గరే కూర్చుంటాడు. అదీ కేసే కదా?

నల్లకోటు_కడప
కేసే. రామచిలక మన జాతి, ఇప్పుడు షెడ్యూల్ 2లో ఉంది, రిజిస్ట్రేషన్ కూడా కుదరదు, పెంచడమే నేరం. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన లవ్‌బర్డ్స్ అని అమ్మే బడ్జీలకు మాత్రం ఏ గొడవా లేదు. నవ్వొచ్చినా చట్టం ఉద్దేశం స్పష్టం. మనవాటిని అడవిలోనే ఉండనివ్వండి, బయటవాటికి లెక్క చూపించండి.

సూర్య_ఎగ్జోటిక్
అన్నా ఇగ్వానా ఇచ్చేస్తారా? నేను తీసుకుంటా, కేజ్‌తో కలిపి ఎంత? నంబర్ పెట్టండి.

మోడరేటర్
@సూర్య_ఎగ్జోటిక్ ఇక్కడ జంతువుల క్రయవిక్రయాలు కుదరవు. ఇంకోసారి అడిగితే ఖాతా ఆపేస్తాం.

నల్లకోటు_కడప
@క్లాక్‌టవర్_అనంత ఇతనికి గానీ, ఇంకెవరికి గానీ ఇవ్వకండి. నమోదు లేకుండా చేతులు మారిస్తే ఇప్పుడు ఉన్న తప్పు మీద ఇంకో తప్పు. ఇప్పటిదాకా మీది గడువు దాటిన కేసు, అమ్మితే వ్యాపారం కేసు అవుతుంది.

క్లాక్‌టవర్_అనంత
సరే, ఇక సూటిగా అడుగుతా. నేను ఇప్పుడు ఏం చేయాలి? మా ఆవిడ తమ్ముడు "రాత్రి పూట తీసుకుపోయి పెనుకొండ వైపు గుట్టల్లో వదిలేద్దాం బావా, ఎవరికి తెలుస్తుంది" అంటున్నాడు.

నల్లమల_నీడ
ఆ బామ్మర్దిని ముందు గుట్టల్లో వదలండి.

పెన్నమ్మ_ఒడ్డు
వద్దండీ. లైటు కింద పెరిగిన జంతువు, తిండి వెతుక్కోవడం తెలియదు. కుక్కలో, డేగలో, ఎండో దాని ప్రాణం తీస్తుంది. ఖర్మకాలి బతికితే ఇంకా ఇబ్బంది.

నల్లకోటు_కడప
వదలొద్దు, అమ్మొద్దు, దాచొద్దు. మీ పేరుతో ఒక అర్జీ రాయండి, డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసరుకు, కాపీ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు. ఫలానా ఏడాది ఫలానా ఊళ్ళో కొన్నాను, బిల్లు ఇవ్వలేదు, రూల్స్ సంగతి ఇప్పుడు తెలిసింది, నమోదు చేసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను, పరిశీలించి మార్గం చెప్పండి అని. ఫోటోలు జత చేయండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, ఆఫీసులో ఇస్తే స్టాంపు వేయించుకోండి. పోర్టల్‌లో కూడా దరఖాస్తు పెట్టండి, తిరస్కరిస్తే తిరస్కరించారన్న కాగితం మీ చేతిలో ఉంటుంది. ఎవరో ఫిర్యాదు చేసి వాళ్ళు ఇంటికి వచ్చినప్పుడు, ముందే మీరు రాసిన అర్జీ చూపించడానికి, నోరెళ్ళబెట్టడానికి చాలా తేడా ఉంటుంది. తీసుకుపోతామంటే ఇచ్చేయాల్సి రావచ్చు, దానికి పిల్లవాణ్ణి కూడా సిద్ధం చేయండి.

క్లాక్‌టవర్_అనంత
పిల్లవాడికి చెప్పడమే కష్టం. అర్జీ రేపే రాస్తా. తెలుగులో రాయొచ్చా, ఇంగ్లీషేనా?

నల్లకోటు_కడప
తెలుగులోనే రాయండి. జంతువు పేరు మాత్రం శాస్త్రీయ నామం, ఇగ్వానా ఇగ్వానా. రెండుసార్లు రాశారని కొట్టేయకండి, పేరే అది.

రాగిసంగటి_రాయల్
పేరు కూడా అచ్చుతప్పులా ఉంది దీనికి.

కేసీ_కాలువ
షాపుల సంగతి ఎవరూ తేల్చలేదు. 2018 నుంచి పెట్ షాప్ రూల్స్ ఉన్నాయి, రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ కాకుండా ఏ షాపూ నడపకూడదు, ఏది కొన్నారు ఏది అమ్మారు రికార్డు ఉండాలి. దాన్నొక్కటి గట్టిగా అమలు చేస్తే క్లాక్‌టవర్ గారికి ఆరోజే బిల్లు దొరికేది, లేదా ఆ ఇగ్వానా దొరికేది కాదు. రెండింట్లో ఏదైనా ఇప్పటికన్నా మేలే. నిషేధం కావాలా వద్దా అని మీరిద్దరూ ఎంతైనా కొట్టుకోండి, నా ఓటు మాత్రం ఎర్ర చెవుల తాబేలు మీద రేపే నిషేధం, మిగతావాటికి షాపు దగ్గర కట్టడి.

నల్లమల_నీడ
నాది అన్నింటి మీదా నిషేధమే. ఉన్నవి ఉన్నవాళ్ళ దగ్గరే చచ్చేదాకా ఉండనీ, కొత్తవి రాకూడదు, పిల్లలు పెట్టించకూడదు. తుంగభద్ర తమ్ముడి పాము మీద నాకేం పగ లేదు.

తుంగభద్ర_తీరం
ఉన్నవి ఉండనిస్తే సగం ఒప్పుకుంటా. పిల్లలు పెట్టించకూడదు అన్నదానికి మాత్రం ఒప్పుకోను, దాని మీద ఇంకో చర్చ పెట్టండి, అక్కడ కొట్టుకుందాం. ఇంతకీ @పెన్నమ్మ_ఒడ్డు, మా పాము నెలన్నర నుంచి ఎలుక ముట్టడం లేదు, చలికాలమేనా, ఇంకేమైనా చూడాలా?

పెన్నమ్మ_ఒడ్డు
బాల్ పైథాన్లు చలికాలంలో తిండి మానేయడం మామూలే, నెలల తరబడి కూడా మానేస్తాయి. బరువు చూడండి, తగ్గకపోతే కంగారు లేదు. నోటి దగ్గర నురగ, ఊపిరి తీస్తుంటే చప్పుడు, ఇవి ఉంటే మాత్రం ఆగొద్దు. డబ్బాలో వెచ్చటి మూల ఎన్ని డిగ్రీలుంది?

తుంగభద్ర_తీరం
కరెంటు ఉన్నప్పుడు 31. రాత్రి కరెంటు పోతే తెలియదు.

పెన్నమ్మ_ఒడ్డు
ముందు ఆ ఇన్వర్టరు సంగతి చూడండి మరి.